వంటింట్లో పేకాట

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఎప్పుడో మిల్లువాళ్ళు పనివాళ్ళ కోసం వరసగా కట్టించారు. ముందు వరండా, తరవాత ఒక గది, ఆ వెనక వంటిల్లు. మిల్లు మూతపడింది గాని ఇళ్ళు మిగిలాయి. వంటింటికి కిటికీ పెట్టాలన్న ఆలోచన కట్టించినవాడికి రాలేదు. వాడు పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వంట చేసి ఉండడని ఆ గది చూస్తేనే తెలిసిపోతుంది. పగలే అందులో గరిటె కోసం చేత్తో తడుముకోవాలి. పొద్దు వాలాక సరేసరి.

కరెంటు తీగలు ఆ వీధిదాకా ఎన్నడూ రాలేదు. తెప్పిస్తామన్నవాళ్ళు మాత్రం వచ్చారు, ఓట్లు వేయించుకుని వెళ్ళారు. చివరికి ఎవరో సంస్థవాళ్ళు వీధి మొదట్లో ఖాళీ స్థలం చూసి సోలారు పలకలు నిలబెట్టారు, పక్కనే చిన్న గది కట్టి బ్యాటరీలు దించారు. ఇంటికి ఒక బల్బు, ఫోను చార్జింగుకి ఒక ప్లగ్గు. ఆశకు పోయి ఎవరైనా అంతకు మించి లాగితే వీధంతా చీకటే. ఇవన్నీ చూసుకోవడానికి ఒక సంఘం, ఆ సంఘానికి ఒక అధ్యక్షుడు.

ఆ అధ్యక్షుడు మన అత్తగారి భర్త. ఆయనది సైకిళ్ళకీ మోటారు సైకిళ్ళకీ పంక్చర్లు వేసే కొట్టు. అధ్యక్షుడైన దగ్గర్నుంచి ఆయన నడకే మారిపోయింది. పాత ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగలు చూడటం కూడా ఏదో ప్రారంభోత్సవం చేస్తున్నంత గంభీరంగా చేసేవాడు. అత్తగారంటే ఆవిడ ఎవరికి అత్తగారని అడక్కండి. కోడలు కాపురానికొచ్చి "అత్తగారూ" అని పిలవడం మొదలుపెట్టాక, నోటికి బాగుందని వీధి వీధంతా ఆ పిలుపే పట్టుకుంది. చివరికి కట్టుకున్న మొగుడు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచి నాలుక కరుచుకున్నాడు.

బల్బు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చిన రోజు సంస్థ తరఫున ఇంజినీరమ్మ వచ్చింది. చిన్న వయసు, భుజాన పెద్ద సంచి, చాలా మర్యాదైన మనిషి. ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి వీధంతటికీ ఒకే పటం గీస్తానంది. వరండాలో మగవాళ్ళందరినీ కూర్చోబెట్టి, సాయంత్రం పూట ఇంట్లోవాళ్ళు ఎక్కువసేపు ఎక్కడుంటారో చెబితే బల్బు అక్కడ పెడదామంది. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే, తడుముకోకుండా వరండాలోనన్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు. వాళ్ళు ఉండేది అక్కడే మరి. ఇంట్లోవాళ్ళంటే వాళ్ళు కాక ఇంకెవరో కూడా ఉంటారన్న సంగతి ఆ క్షణాన ఎవరి బుర్రకీ తట్టలేదు.

వంటింట్లో ఉన్న అత్తగారికి ఆ ప్రశ్న స్పష్టంగా వినపడింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు పొంగాయి. గుడ్డతో గిన్నె పట్టుకుని దించి, మంట తగ్గించి, చెయ్యి తుడుచుకుని బయటికి వచ్చేసరికి ఇంజినీరమ్మ పటం గీసేసి, ఇచ్చిన టీ తాగేసి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే అత్తగారు అప్పుడు పెద్దగా బాధపడలేదు. బల్బు మొదటిసారి వెలిగినప్పుడు అందరితో పాటు ఆవిడా చప్పట్లు కొట్టింది. వెలుగన్నాక ఎక్కడో ఒకచోట ఉంది కదా అనుకుంది. ఆ బల్బు కింద ఆ సాయంత్రమే పేకాట మొదలైంది. అధ్యక్షుడు, ఎదురింటి పొట్టి మేస్త్రి, సెలూను ఆయన, కిరాణా కొట్టాయన. పొద్దు వాలగానే చాప పరిచేవాళ్ళు, భోజనానికి పిలిచేదాకా లేచేవాళ్ళు కాదు. లోపల అత్తగారూ కోడలూ కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని ఎప్పటిలాగే తడుముకునేవాళ్ళు.

అలా జరిగిపోతుండగా ఒక సాయంత్రం కోడలు మరిగే నీళ్ళ గిన్నె దించి బాల్చీలో వంచబోయింది. బాల్చీ ఉండాల్సిన చోటికి బెత్తెడు ఇవతల ఉంది. నీళ్ళు నేరుగా ఆ పిల్ల పాదం మీద పడ్డాయి. కేక వీధి చివరిదాకా వినపడింది. ఏమైందని వరండాలోంచి అధ్యక్షుడు అడిగాడు. అడిగాడు గాని ముక్కలు కింద పెట్టలేదు. అప్పుడే జోకరు వచ్చింది పాపం, ఎలా పెడతాడు.

కోడలి కాలికి మందు రాస్తూ అత్తగారు బుడ్డి వెలుగు దగ్గరికి జరుపుకుంది. అయినా ఎంత మేర కాలిందో కనపడలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. కొడుకు లారీ నడుపుతూ నెలకోసారి ఇంటికొస్తాడు. వాడొచ్చి పెళ్ళాం కాలెందుకు అలా ఉందని అడిగితే, బల్బు కింద మీ నాన్న పేకాడుతున్నాడని చెప్పాలి. ఇవాళ పాదమైంది, రేపు ఇంకేం కాలుతుందో. ఈ బల్బు వంటింట్లోకి రావాల్సిందేనని అత్తగారు అప్పుడే తీర్మానించుకుంది. ఆవిడ తీర్మానానికి సంఘం సంతకాలేవీ అక్కర్లేదు.

ముందు మర్యాదగానే అడిగింది. భోజనాల దగ్గర మెల్లగా కదిపింది. అధ్యక్షుడు ముద్ద మింగి, గొంతు సవరించుకుని, ఉపన్యాసం ఎత్తుకున్నాడు. పటం గీసేశారు, సంఘం ఒప్పుకుంది, ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఇది మనింటి సొంత వ్యవహారం కాదు. ఇప్పుడున్నవి తాత్కాలికపు తీగలు, ఇంజినీరమ్మ త్వరలో మళ్ళీ వచ్చి చూసి గొట్టాల్లో పెట్టి గోడకి బిగించేస్తుంది, ఆ తరవాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదలదు. ఇంతవరకూ చెప్పి ఊరుకున్నా బాగుండేది.

"అయినా వంటింట్లో మనుషులు ఉండేది ఎంతసేపని?" అన్నాడు.

అత్తగారు పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించింది. మొగుడు మాటకి ఆవిడ జవాబు చెప్పకుండా వడ్డించిందంటే ఏదో కొంప మునగబోతోందని ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గ్రహించి ఉండాల్సింది.

మర్నాడు నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళ సమావేశం జరిగింది. దానికి అధ్యక్షులూ లేరు, ఉపన్యాసాలూ లేవు. మేస్త్రి భార్య తన భర్త పనిచోటు నుంచి తెచ్చుకున్న ఇటుకలు ఇంటికి మూడు చొప్పున పంచింది. ఆ సాయంత్రం పొద్దు వాలగానే వీధిలో ప్రతి వరండాలోనూ మూడు ఇటుకల పొయ్యి వెలిసింది. బల్బు కింద వంట, బల్బు కింద తరగడం, బల్బు కింద నూరడం. వెలుగు ఇక్కడుంటే చీకట్లో ఎందుకు చేయాలని ఎవరైనా అడిగితే ఏం జవాబు చెబుతారు? అత్తగారు కావాలనే పచ్చి కట్టెలు ఏరి పెట్టింది. ఎండు కట్టెలు లోపల అటక మీద భద్రంగా ఉన్నాయి.

పేకాటవాళ్ళు కాసేపు ఓర్చుకున్నారు. సెలూను ఆయన కళ్ళు తుడుచుకుంటూ రాజుని వేయబోయి రాణిని వేశాడు. కిరాణా కొట్టాయనకి దగ్గు తెర మొదలై ముక్కలన్నీ చెదిరిపోయాయి. మేస్త్రి ఇంటికి పోయి చూసుకుంటే అక్కడా ఇదే పొగ, సొంత పెళ్ళామే ఊదుగొట్టంతో ఊదుతోంది. కోడలు కాలికి గుడ్డ చుట్టుకుని ఒక మూల పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, గాలి ఎటు మళ్ళినా ఆ ఘాటు వాళ్ళ వైపే పోయేలా పీట జరుపుకునేది. రేపు ఇంతకంటే పెద్ద వంటని అత్తగారు ఎవరితోనో అంటున్నట్టుగా పైకి అంది.

ఇక రేపో మాపో మొగుడు గడ్డం పట్టుకుని బతిమాలతాడని, బల్బు లోపలికి మార్పిస్తాడని ఆవిడ లెక్క. మగాడి పంతం ముందు ఆ లెక్క చెల్లలేదు. మూడో సాయంత్రం మగవాళ్ళు బల్బు సంగతి ఎత్తలేదు. చాప చుట్టి చంకన పెట్టుకుని, ఇంట్లో పొగ లేని ఒకే ఒక్క చోటుకి వెళ్ళి కూర్చున్నారు. ఆ చోటు ఏదో వేరే చెప్పాలా? పొయ్యి బయటికి వచ్చేశాక వంటిల్లు చల్లగా, ఖాళీగా, ప్రశాంతంగా ఉంది. బుడ్డి మధ్యలో పెట్టుకుని పేకాట కొనసాగించారు. ఓడిపోలేదని చూపించడానికి కాస్త గట్టిగానే నవ్వుకున్నారు కూడా.

అత్తగారు వరండాలో చతికిలబడిపోయింది. బయట వాన వచ్చే సూచనలు కనపడుతున్నాయి. ఇంజినీరమ్మ వచ్చే రోజు దగ్గర పడుతోంది. వానొస్తే వరండాలో పొయ్యి వెలగదు, మళ్ళీ ఆ చీకట్లోకే పోవాలి. తన తెలివి తన నెత్తికే చుట్టుకుందని ఆవిడ నొచ్చుకుంటుంటే కోడలు ఉల్లిపాయలు తరగడం ఆపింది.

"అత్తగారూ, ఆ ఇంజినీరమ్మ ఏమని అడిగిందన్నారు?"

"సాయంత్రం ఎక్కువసేపు ఎక్కడుంటారని."

"మరి మామయ్యగారూ వాళ్ళూ ఇప్పుడు సాయంత్రం ఎక్కడుంటున్నారు?"

అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ తరవాత నోట్లో చీర చెంగు కుక్కుకోకపోతే నవ్వు లోపలికి వినపడేది. ఇంత తెలివి పెట్టుకుని ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఉప్పుందా కారముందా అని అడుగుతూ కూర్చుందే అనుకుని మురిసిపోయింది.

మర్నాటి నుంచి అత్తగారి మర్యాదలు చూడాలి. వంటిల్లు తుడిచి చాప తనే పరిచింది. ఆనుకోవడానికి దిండ్లు వేసింది. ఆట మధ్యలో రెండు సార్లు టీ పంపింది. ఒక్క బుడ్డి మాత్రం పాతదే ఉంచింది. ఒత్తి కొంచెం పెంచమంటే కిరసనాయిలు అయిపోవచ్చిందంది. పెళ్ళాం ఇంత బుద్ధిగా ఎందుకుందా అని అనుమానించాల్సిన మనిషి, అధ్యక్షుడి హోదాకి ఇంట్లోనూ గౌరవం పెరిగిందని సంబరపడ్డాడు.

వంటిల్లు మాత్రం ఆయన హోదా పట్టించుకోలేదు. లేవబోయినప్పుడల్లా గిన్నెల అర నెత్తికి తగిలేది. కిరాణా కొట్టాయన చీకట్లో చెయ్యి ఆనించి కారం డబ్బాలో వేళ్ళు పెట్టాడు, ఆ వేళ్ళతోనే కళ్ళు నులుముకున్నాడు. మేస్త్రి తన టీ అనుకుని నూనె గ్లాసు ఎత్తి ఒక గుక్క మింగేశాడు. ముక్కల రంగులు తెలియక ఆటంతా రభసయింది. ఎర్రదని వేస్తే నల్లదయ్యేది. చివరికి నువ్వు మోసం చేశావంటే నువ్వు చేశావని, పసితనం నాటి స్నేహితులు ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. ఆ గొడవ సర్దబోయి అధ్యక్షుడు మళ్ళీ అరకి తల కొట్టుకున్నాడు. ఈసారి బొప్పి కట్టింది.

అత్తగారు చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ తెచ్చి నుదుటి మీద పెట్టింది. తక్కినవాళ్ళు అలిగి వెళ్ళిపోయారు, మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళే అనుకోండి. ఆయన గుడ్డ పట్టుకుని, చుట్టూ ఉన్న చీకట్లోకి కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇందులో మీకు ఎలా కనపడుతుందే?" అన్నాడు.

"కనపడదు," అంది అత్తగారు.

ఆయన గుడ్డ తిప్పి రెండో వైపు నుదుటికి పెట్టుకున్నాడు.

అన్నట్టుగానే ఇంజినీరమ్మ వచ్చింది. తీగలు గోడకి బిగించేందుకు వెంట పనివాళ్ళు కూడా ఉన్నారు. సాయంత్రం వచ్చి చూస్తేనే గాని నిజం తెలియదని పొద్దు వాలే వేళకే బయల్దేరింది. వీధిలోకి రాగానే నిలబడిపోయింది. ప్రతి వరండాలోనూ బల్బు కింద ఆడవాళ్ళు వంటలు చేసుకుంటున్నారు. మగవాళ్ళంతా పొగకి జడిసి లోపలికి చేరినట్టున్నారు, జాడే లేదు. అధ్యక్షుడుగారు ఎక్కడని అడిగింది. అత్తగారు చాలా వినయంగా, సాయంత్రం పూట మావాళ్ళు వంటింట్లోనే ఉంటారమ్మా అని లోపలికి చూపించింది. కోడలు కింద పడిన ఉల్లి పొట్టు ఏరుతున్నట్టు తల దించుకుంది.

ఇంజినీరమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. బుడ్డి చుట్టూ నలుగురు పెద్దమనుషులు ముక్కలు మొహానికి ఆనించుకుని కూర్చున్నారు. అధ్యక్షుడి నుదుటి మీద బొప్పి, కొట్టాయన కళ్ళు చింతనిప్పులు. ఆవిడ ఒకసారి వరండా వైపు, ఒకసారి అత్తగారి వైపు చూసింది. చదువుకున్న పిల్ల, పైగా ఆడపిల్ల, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పెదవి కొరికి నవ్వు ఆపుకుని పటం తీసింది. కిందటిసారి తను అడగాల్సిన వాళ్ళని అడగలేదనీ, ఆ తప్పు తనదేననీ అత్తగారికి మాత్రమే వినపడేట్టు అంది. తరవాత గట్టిగా, బల్బు వరండాలోనే బిగించేయమంటారా అని మగవాళ్ళని అడిగింది.

ముగ్గురూ అధ్యక్షుడి మొహం చూశారు. వరండా అంటే ఇక జన్మంతా ఈ చీకట్లో కారం డబ్బాల మధ్య ఆట. వంటిల్లు అంటే అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఉపన్యాసం రాలేదు.

"వంటింట్లో పెట్టండమ్మా," అన్నాడు. "పేకాటకి వీలుగా ఉంటుంది."

పనివాళ్ళు ఆయన ఇంటితో మొదలుపెట్టి వీధంతా తిరిగారు. వెళ్ళేముందు ఇంజినీరమ్మ, పొగని బయటికి లాగే చిన్న ఫ్యాను ఇంటికొకటి పెట్టుకున్నా ఈ లైనుకి బరువు కాదని, సంఘం అడిగితే చాలని చెప్పి పోయింది. ఆవిడ సంచి భుజాన వేసుకుని మలుపు తిరిగిందో లేదో, వీధిలో ఆడవాళ్ళు పొయ్యిలు ఆర్పేసి, ఇటుకలు తీసేసి, గిన్నెలతో తట్టలతో బిలబిలమంటూ లోపలికి వచ్చేశారు. అత్తగారు పేకాట చాప ఒక అంచు పట్టుకుని మర్యాదగా ఎత్తింది. వంట వేళయింది, కాస్త లేవండి అంది. నలుగురు మగవాళ్ళూ నోరెళ్ళబెట్టి ముక్కలు పట్టుకుని వరండాలోకి నడిచారు. అక్కడ కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడలేదు. ఏం జరిగిందో కొట్టాయనకే ముందు అర్థమైంది. ఆయన నవ్వడం మొదలుపెడితే మేస్త్రి కూడా ఆపుకోలేకపోయాడు.

లోపల కోడలు మరిగే నీళ్ళ గిన్నె దించి, బాల్చీ ఎక్కడుందో చూసి, తీరిగ్గా వంచింది. అత్తగారు అది కళ్ళారా చూసింది. ఆవిడ గుండెల్లో ఇన్నాళ్ళుగా ఉన్న బరువు దిగిపోయింది.

కాసేపటికి వరండాలోంచి మంచినీళ్ళు కావాలని అధ్యక్షుడి కేక వినపడింది. ఇన్నేళ్ళూ ఆ కేక వినపడగానే ఆవిడ చేతిలో పని వదిలేసి లేచేది. లోపలికెళ్తే చీకట్లో నాకేం దొరుకుతుందని ఆయన అనేవాడు, అదీ నిజమే అని ఆవిడ ఊరుకునేది.

"లోపలికి వచ్చి తీసుకోండి. ఇప్పుడు అన్నీ కనపడతాయి," అంది.

వరండాలో నవ్వులు ఆగిపోయాయి. ఆయన వచ్చాడు. గ్లాసు ఎక్కడుందో చూశాడు, కుండ ఎక్కడుందో చూశాడు, నీళ్ళు ముంచుకుని తాగాడు. తాగుతూ తాగుతూ తల ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు. పొయ్యి మీద గోడ, దాని పక్క గోడ, పైకప్పు, అన్నీ తారు పూసినట్టు ఉన్నాయి. బుడ్డి వెలుగులో అన్ని సాయంత్రాలు అక్కడే కూర్చున్నా ఆయన కంట పడలేదు.

"ఈ గోడలు మొదట్నించీ ఇంతేనా?"

"నేను కాపురానికి వచ్చినప్పుడు తెల్లగానే ఉండేవి," అంది అత్తగారు. కూర కలపడం ఆపలేదు. "అది నేను పీల్చగా మిగిలిన పొగ."

అందులో నిష్ఠూరం లేదు. ఉప్పు ఎంత వేశానో చెప్పినట్టు చెప్పింది. అందుకే కాబోలు ఆయనకి ఎక్కడో గట్టిగా తగిలింది. గ్లాసు కింద పెట్టబోయి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు. బయట ముక్కలు పంచాలి రమ్మని స్నేహితులు పిలిచారు. కాసేపాగి మళ్ళీ పిలిచారు. ఆ చీకట్లో ఏం పంచుతారో వాళ్ళకే తెలియాలి. ఆయన కోడలి పాదం మీద కాలిన మచ్చ వైపు చూసి, చూడలేక గోడ వైపు తిరిగాడు.

"ఆ ఫ్యాను ఎక్కడ పెట్టించమంటావ్?" అన్నాడు.

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. ఇంట్లో ఫలానా వస్తువు ఫలానా చోట పెట్టాలని ఆయన చెప్పడమే గాని, ఎక్కడ పెట్టమంటావని ఆవిడని అడగడం పెళ్ళయ్యాక అదే మొదలు. గబుక్కున జవాబు చెప్పేస్తే ఆ ప్రశ్న అయిపోతుందని ఆవిడకి అనిపించింది. మంట తగ్గించింది, చెయ్యి కొంగుతో తుడుచుకుంది, గోడలన్నీ ఒకటొకటిగా, తీరిగ్గా చూడటం మొదలుపెట్టింది. ఆయన గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు.